ఎర్రమట్టి గేటు గంట

...అగో, ఏమనుకోకు తమ్మీ, చెప్త చెప్త అనుకుంటనే ఇన్ని దినాలు నాన్చిన. నిన్న మొదలుపెట్టిన గని, నడుమల గ్యాసాయన వచ్చి గేటు కొట్టిండు, వాయిస్ మెసేజ్ మొత్తం పోయింది. ఇయ్యాల పొద్దున్నే డాబా మీదికి వచ్చి కూసున్న. జర పెద్దగనే అయితది. చెవుల పెట్టుకొని నిమ్మలంగ విను.

నువ్వడిగింది ఏంది... మీ బాపు బతికినన్ని దినాలు ఎర్రమట్టి గేటు తొవ్వ ఎందుకు తొక్కలే, ఎండల గూడ ఊరంత సుట్టు తిరిగి ఎందుకు పోయెటోడు అని. అదే చెప్తాన్న. ఆయన దవాఖానల ఉన్నప్పుడు ఒక రాత్రి నేను తోడు పండుకుంటి గద. ఆ రాత్రి ఆయన నోటితోని చెప్పిన ముచ్చట ఇది. కథ తీరు చెప్తా కాబట్టి సారయ్య అని పేరు పెట్టే చెప్త. నాకు చిన్నాయినే, నీకు కన్నతండ్రే, గని కథల చిన్నాయిన, చిన్నాయిన అంటే నడువది.

ముందుగాల ఆ గేటు సంగతి.

కాజీపేట కాడికెల్లి హసన్‌పర్తి దిక్కు పట్టాలు పోతయి గద. ఆ నడుమ చెల్కలల్ల ఉండె ఎర్రమట్టి గేటు. ఇప్పుడు లేదులే, పైకెల్లి బ్రిడ్జి పడ్డది. గప్పుడు అటు తుమ్మచెట్లు, ఇటు తుమ్మచెట్లు, నడుమ గేటాయన కూసునే చిన్న గది. ఆ గది ఎనుక ఒక కంభానికి రైలు పట్టా ముక్క ఏలాడదీసి ఉండె. స్టేషన్ల నుంచి బండి వస్తాందని ఫోన్ రాంగనే గేటు ఏసి, ఒక పెద్ద బోల్టు పట్టుకొని ఆ పట్టా ముక్కను కొట్టాలె. దూరంకెల్లి వచ్చే ఎడ్లబండ్లోళ్ళకు ఇనపడాలె గద. అదే గంట.

పొద్దుగూకినంక ఆ తొవ్వల మనిషన్నోడు నడిచెటోడు కాదు.

'గేటు దాటంగ ఎవరన్న దగ్గినట్టు ఇనపడితే ఎనుకకు తిరిగి చూడకు' అని చిన్నపిల్లలకు గూడ చెప్పెటోళ్ళు. కట్టెల బండ్లోళ్ళు తప్పనిసరై పోవాల్సి వస్తే, గేటు ఇంకా ఇంత దూరం ఉండంగనే బీడీలు ఆర్పేసెటోళ్ళు. ఎందుకంటే... దగ్గెటాయన బీడీ అడుగుతడట.

ఆ దగ్గెటాయన ఎవరనుకున్నవ్ — మా నాయిన. గేటు కట్టయ్య.

ఈ బుగులంత ఆయన పోయినంకటిది. ఎట్ల పోయిండంటే, చలికాలం ఒక రాత్రి గూడ్సుబండి పోయింది. గేటు తెరుచుకోలే. అటు నాలుగు బండ్లు, ఇటు నాలుగు బండ్లు. 'ఓ కట్టన్నా, గేటు తియ్యవేందే, పండుకున్నవా' అని ఒకాయన దిగి పోయి చూస్తే... స్టూలు మీద కూసున్నడు. ఈపు కంభానికి ఆనిచ్చిండు. చేతుల దీపం ఉన్నది. దీపం కాలుతాంది. మనిషే లేడు.

గుండె ఆగిందన్నరు. గేటు ఏసి, గంట కొట్టి, బండిని దాటిచ్చి, అప్పుడు పోయిండు. ఆఖరి పని గూడ తక్కువ చెయ్యలే, మా నాయిన.

ఇగ, రైల్వేల మనిషి నౌకరిల ఉండి పోతే ఇంట్ల ఒకరికి నౌకరి ఇస్తరు. కాజీపేటల ఇది అందరికీ ఎరుకే. పీనుగ ఇంకా వాకిట్లనే ఉంటది, పక్కింటోళ్ళు చెవులల్ల అడుగుతరు, 'నౌకరి ఎవరికి రాపిస్తాండ్రు' అని. మా ఇంట్ల గూడ అంతే. మా నాయనమ్మ రాజవ్వ ఏడుపు ఇంకా ఆగనే లేదు, ఇద్దరి పేర్లు లేచినయి. ఒకటి నాయిన తమ్ముడు సారయ్యది. ఇంకొకటి మా అమ్మ, పూలమ్మది.

సారయ్య సంగతి గూడ చెప్పాలె, లేకుంటే పాపం తగుల్తది. ఆయన రైసుమిల్లుల హమాలీ. పని ఉన్న దినం ఉంటది, లేని దినం లేదు. కట్టయ్యకు రాత్రి డ్యూటీ పడ్డప్పుడల్లా బువ్వ గిన్నె పట్టుకొని పోయి, తెల్లారేదాక ఆన్నే కూసునెటోడు. అన్నకు కండ్లు మూతపడుతుంటే 'నువ్వు జర ఒరుగు అన్నా, నేను చూస్త' అని తానే గేటు ఏసెటోడు, తానే దీపం ఊపెటోడు. అన్న తీరుగనే గంట కొట్టుడు గూడ నేర్చుకున్నడు. కట్టయ్య గంటకు ఒక తీరు ఉండె. రెండు దెబ్బలు కొట్టి, నడుమ ఆగి ఒక దగ్గు దగ్గి, మల్లొక దెబ్బ. బీడీలు తాగి తాగి ఆ దగ్గు గంటల కలిసిపోయింది.

'పని నాకొస్తది, మరి నౌకరి నాకు రావద్దా' — ఇదీ సారయ్య మాట. న్యాయమే అనిపిస్తది గద.

అయితే నౌకరి ఎవరికో చెప్పింది ఆఫీసోళ్ళు కాదు తమ్మీ. కాకి చెప్పింది.

పిట్టకు పెట్టుడు నీకు తెలుసు. మొన్న మీ బాపుకు మనం పెట్టినట్టే. పోయినోళ్ళకు ఇష్టమైనయి అన్నీ ఇస్తారిల పెట్టి దూరం నిలవడుతం, కాకి ముట్టాలె. ముట్టకపోతే పోయినోళ్ళ మనసుల ఏదో బాధ ఉన్నట్టు. అప్పుడు పెద్దమనుషులు ఒక్కొక్క మాట ఇస్తరు, నీ బిడ్డను మంచిగ చూసుకుంటం, నీ ముసలిదాన్ని సాదుకుంటం, ముట్టయ్యా అని. ఏ మాటకు కాకి ముడితే ఆ మాట ఇగ తప్పొద్దు.

రాజవ్వ పట్టుపట్టింది, నా కొడుకు పాణం పోయిన కాడనే పెట్టాలె అని. గేటు కాడికే పోయిండ్రు అందరు. బువ్వ పెట్టిండ్రు, కోడికూర పెట్టిండ్రు, కల్లు పోసిండ్రు, బీడీ కట్ట పక్కన అగ్గిపెట్టె గూడ పెట్టిండ్రు.

కాకి రాలే.

తుమ్మచెట్ల మీద కాకులు లేవా అంటే, నల్లగ గుంపులు గుంపులు ఉన్నయి. ఒక్కటి గూడ దిగుతలేదు. బిడ్డ మాట ఇచ్చిండ్రు. తల్లి మాట ఇచ్చిండ్రు. ఉహూఁ. అప్పుడు కులపెద్ద లక్ష్మీనర్సయ్య గొంతు సవరించుకున్నడు. ఆయనకు ముందురోజు రాత్రి సారయ్య కుండెడు కల్లు తాగిపిచ్చిండు, ఆ సంగతి తరువాత బయటపడ్డది.

'కట్టయ్యా, నీ నౌకరి నీ తమ్ముడు సారయ్యకు ఇప్పిస్తం. ఇగ ముట్టు.'

కాకి రాలే.

'అరే, తోడవుట్టినోడురా నీకు. నీకోసం నిద్ర పాడు చేసుకున్నోడు. సారయ్యకేరా, ముట్టు.'

ఎండ ఎక్కుతాంది. చెట్టు మీది కాకి కిందికి చూస్తది, మల్ల ముక్కు తిప్పుకుంటది. సారయ్య చేతులు కట్టుకొని నిలవడ్డడు, తల ఎత్తలేకపోతాండు. ఒక ముసలామె అననే అన్నది, 'తమ్ముని మీద మనసు లేదేమో బిడ్డా' అని.

రాజవ్వకు కడుపుల ఏం లేదు పొద్దటికెల్లి. నిలవడలేక మట్టిల కూలవడ్డది. 'పోనీ బిడ్డా... నీ పెండ్లానికే ఇప్పిస్తం, పూలమ్మకే, ఇగనన్న ముట్టు నాయినా' అని ఏడిసింది.

ఆ మాట అన్నదో లేదో... బురబుర దిగినయి. ఒకటి కాదు రెండు కాదు. ఇస్తారి కనవడకుండ కమ్ముకున్నయి.

అయిపోయింది. మారు మాట లేదు. ఆఫీసుల కూడ అందరు ఒక్క తీరుగ చెప్పిండ్రు, పూలమ్మకే అని. సారయ్య గూడ చెప్పిండు. చెప్పక ఏం చేస్తడు, అన్న చెప్పినంక.

ఏ గేటు ఖాళీ ఉంటే ఆ గేటు మీద ఏస్తరు గద. ఖాళీ ఉన్నది ఎర్రమట్టి గేటే. దెయ్యం గేటు అని ఎవ్వరు ఒప్పుకోకపాయె. మా అమ్మ ఒప్పుకున్నది. 'దెయ్యమైతే మాత్రం పరాయోడా' అన్నదట. అప్పట్ల ఆడామె గేటు ఏసుడంటే వింత, చూడబోయెటోళ్ళట జనం. రాత్రి డ్యూటీ పడితే నన్ను ఎంబటి తీసుకపోయేది. నాకు మూడేండ్లు. ఆమె ఒళ్ళె పండుకొనేదాన్ని.

ఇగ ఇక్కడికెల్లి సారయ్య కడుపుల మంట మొదలైంది.

వదినెకు రైల్వే చీర వచ్చింది. వదినెకు టార్చిలైటు వచ్చింది. వదినె నెలకొకసారి కాజీపేట రైల్వే దవాఖానకు పోతే ముందుగాల పిలుస్తాండ్రు. వాడకట్టుల అందరు 'గేటమ్మా' అంటాండ్రు, నిన్నటిదాక 'ఏ పూలీ' అన్నోళ్ళే. మీ అమ్మ సమ్మమ్మ — ఏమనుకోకు, ఆమె నోరు నీకు తెలుసు — బువ్వ పెట్టుకుంట పెట్టుకుంటనే పొడిచేదట.

'వానకాలం గొడుగు గూడ రైల్వేలోళ్ళే ఇస్తరట.'

'తిను, సప్పుడు జెయ్యకు.'

'నాకెందుకు గొడుగు. బస్తా సంచి కప్పుకొని పోత. నువ్వు నిద్ర మేలుకొని నేర్చుకున్న పని, మీ వదినెకు నౌకరి.'

'కాకి ముట్టింది గదనే, నేనేం జేతు.'

'అవు. కాకి గూడ నిన్ను లెక్క చెయ్యలే.'

ఆ మాట దిగింది సారయ్యకు. దవాఖాన మంచం మీద, నలభై ఏండ్లు దాటినంక, ఆ మాట చెప్పంగ గూడ ఆయన మొఖం మాడిపోయింది తమ్మీ. నౌకరి పోయిందని కాదు అసలు మంట. అన్న నన్ను వద్దన్నడు. రాత్రిళ్ళు అన్న పక్కన కూసున్నది నేను. వద్దన్నది నన్ను. ఆ ముచ్చట యాదికొస్తే బువ్వ సయించకపోయేదట. తొవ్వల కాకి కనవడితే రాయి తీసుకొని కొట్టేటోడు. మిల్లుల బస్తా నెత్తికెత్తుకుంటే, ఈ టయానికి వదినె నీడకు కూసొని ఉంటది అనుకునేటోడు. వదినె నవ్వితే మంట, ఏడిస్తే మంట. 'ఏడ్సుడెందుకు, అన్నీ వచ్చినంక' అని.

ఒకనాడు కల్లు మండువల ఎవడో అన్నడట, 'మీ వదినె కొత్తగ చేరింది గద, నాతోని కాదు, ఆ దెయ్యం గేటు కాడ బుగులైతాంది, నా మరిదికి ఇయ్యిండ్రి అని రాసిస్తే నీకే రావచ్చు' అని. వాడు తాగి అన్నడో, ఎరుకుండి అన్నడో దేవునికెరుక. సారయ్య చెవులల్ల ఒక్క మాటే పడ్డది.

బుగులైతాంది.

అంటే... ఆమెకు బుగులు కావాలె.

మనకాడ పోయినోళ్ళ బట్టలు చాకలోళ్ళకు ఇస్తం. కట్టయ్య రైల్వే కోటు, నల్లది, మోకాళ్ళ దాక ఉండేది, అది చాకలి మొగిలమ్మ ఇంటికి పోయింది. సారయ్య పొద్దుగూకంగ ఆమె ఇంటికి పోయి, 'అన్న గురుతు, ఒక్కనాడు ఇయ్యి, మల్ల తెచ్చిస్త' అన్నడు. ఆమె ఎగాదిగ చూసి, దండెం మీదికెల్లి తీసి ఇచ్చింది.

ఆ రాత్రి మబ్బు పట్టి ఉండె. చుక్కలు లేవు.

సారయ్య పట్టాల పొంటి నడిచిండు. కోటు చంకల పెట్టుకున్నడు. తుమ్మచెట్ల కాడికి రాంగనే తొడుక్కున్నడు... కోటుల అన్న వాసన ఉన్నది. బీడీ, బొగ్గు, చెమట. అంత మంట మీద వచ్చిన మనిషికి గూడ ఒక్క క్షణం గుండె పట్టుకున్నదట. తువ్వాల నెత్తి మీదికెల్లి మొఖం మీదికి గుంజుకున్నడు.

చెట్ల సందులకెల్లి చూసిండు.

గది ముందట రాతి గద్దె ఉన్నది. గద్దె మీద కందిలి. కందిలి పక్కన ఒక ఇత్తడి తలెల బువ్వ, మీద కోడిగుడ్డు కూర. దాని పక్కన ఒక బీడీ కట్ట. వదినె తినబోతాంది అనుకున్నడు. బీడీ కట్ట ఎందుకో... ఆలోచన రాలే.

వదినె గది దర్వాజల, చీకట్ల కూసొని ఉన్నది. కందిలి వెలుగు కండ్లల్ల పడుతుంటే అవతల ఆమె ఒక నీడ లెక్క కనవడుతాంది, అంతే. ఒళ్ళె ఏమున్నదో, చేతులు యాడున్నయో కనవడలే.

చివరి బండి పోయింది. దాని సప్పుడు గూడ పోయింది. ఇగ తెల్లారేదాక బండి లేదు, అది సారయ్యకు ఎరుకే.

దగ్గిండు.

అన్న దగ్గు. ముందు సన్నగ గీరుకొని, తరువాత గుండెల లోపలికెల్లి. చిన్నప్పటికెల్లి ఇన్న దగ్గాయె, అచ్చం వచ్చింది.

దర్వాజల నీడ కదలలే.

మల్ల దగ్గిండు. రెండడుగులు ముందటికి వచ్చి, కందిలి వెలుగు కోటు అంచుకు తాకేటట్టు నిలవడ్డడు. ఇగ కేక పెడతది, పట్టాల పొంటి ఉరుకుతది, పొద్దుగాలకు ఊరంతా తెలుస్తది...

'వచ్చినవా,' అన్నది వదినె.

గొంతు మెల్లగ ఉన్నది. ఇంట్లకు ఆలస్యంగ వచ్చిన మొగన్ని అడిగినట్టు.

సారయ్య తువ్వాల ఇంకింత కిందికి గుంజుకున్నడు.

'కూసో. తిను. నీకనే పెట్టిన.'

గాలి లేదు. కందిలి వత్తి సప్పుడు గూడ ఇనవడుతాంది.

'తినవా... సరె. నీకొక ముచ్చట చెప్పాలె. చెప్పక చెప్పక నా గొంతుల ముల్లు అయింది. ఇనిపో.'

సారయ్య కోటు అంచు పట్టుకొని నిలవడ్డడు.

'పగలు నీకు సద్ది తెచ్చేటప్పుడు చూసేదాన్ని. నువ్వు గంట కొట్టినంక మొదటి ముద్ద ఇసిరెటోనివి... కాకులకు. అలవాటైనయి. గంట ఇనవడితే చాలు, దిగేటియి. ఇది నాకొక్కదానికే ఎరుక. నీ తమ్ముడు వచ్చింది రాత్రిళ్ళే, వానికి తెల్వదు.'

సారయ్య చెట్ల దిక్కు తల ఎత్తి చూసిండు.

'పిట్టకు పెట్టిననాడు... సారయ్య పేరు చెప్పినప్పుడు బండి లేదు. అత్తమ్మ నా పేరు చెప్పే టయానికి బండి వచ్చె. నీ జాగాల ఉన్నాయన గంట కొట్టె. అందరు ఏడ్సుట్ల ఉన్నరు, గంట ఎవరు పట్టించుకుంటరు. రోజు ఇనే సప్పుడే గద. కాకులు ఆ గంటకు వచ్చినయి... నీ మాటకు రాలే. నా పేరుకు రాలే.'

 సారయ్య కండ్ల ముందట ఆ పొద్దు మల్ల కనవడ్డది. అవు. గంట మోగింది. రాజవ్వ ఏడుపు ఎనుక... మోగింది.

'నాకు అప్పుడే తెలిసింది. నోరు మూసుకున్న. ఒళ్ళె పిల్ల ఉన్నది. నోరు తెరుస్తే దాని బువ్వ పోతదనుకున్న. సారయ్య మొఖం చూడలేకపోతాన్న అప్పటికెల్లి.'

చెట్ల మీద ఒక కాకి ముడుచుకున్న రెక్క సదురుకున్నది. అంతే సప్పుడు.

'నీ మనసుల ఎవరున్నరో నాకు నిజంగ తెల్వదు. ఇప్పుడన్న చెప్పు. సారయ్యకు ఇయ్యిమంటే... రేపు పొద్దుగాల పోయి చెప్త, నాతోని కాదని. పిల్లనెత్తుకొని మా అవ్వగారింటికి పోత. ఒక్క ఊఁ అను. చాలు.'

తమ్మీ, ఆ ముచ్చట చెప్పేటప్పుడు చిన్నాయిన నా చెయ్యి పట్టుకున్నడు. మొదలు ఏడుపు వచ్చిందట ఆయనకు. అన్న నన్ను వద్దనలే. అన్న ఏమనలే. ఇన్ని దినాలు తొవ్వల కాకులను రాళ్ళతోని కొట్టింది ఉత్తగనే. ఆ కోటును గుండెకు ఒత్తుకున్నడట.

ఇగ ఎనుకకు పోతే అయిపోయేది. నౌకరి ముచ్చట రేపు పట్టపగలు మాట్లాడుకునేటోళ్ళు.

గని మంట అట్ల చల్లారుతదా. 'చూసినవా, ఎరుకుండి నా నౌకరి తిన్నది' అని లోపలికెల్లి ఒకటి లేచింది. రైల్వే చీర యాదికొచ్చింది. గొడుగు యాదికొచ్చింది. 'కాకి గూడ నిన్ను లెక్క చెయ్యలే' యాదికొచ్చింది. ఒక్క ఊఁ. అన్న గొంతుతోని ఒక్క ఊఁ అంటే... రేపటికెల్లి ఆ స్టూలు మీద కూసునేది నేనే.

అన్న గొంతు తెచ్చుకున్నడు. గుండెల నిండ గాలి పీల్చుకున్నడు. నోరు తెరిసిండు...

ఠంగ్.

గది ఎనుకకెల్లి.

ఠంగ్.

బండి లేదు. ఫోన్ రాలే. గేటు తెరిసే ఉన్నది.

ఆ నడుమ సందుల... ఒక దగ్గు.

సారయ్య నోరు తెరిసింది తెరిసినట్టే ఉన్నది. తను దగ్గలే.

ఠంగ్.

తుమ్మచెట్లు రెండు దిక్కుల ఒక్కసారి లేచినట్టు అయింది. చీకట్ల రెక్కల సప్పుడు — రాత్రిపూట, తమ్మీ, కాకికి కండ్లు కనవడని టయంల — బురబుర బురబుర దిగినయి. కందిలి మీదికెల్లి, సారయ్య భుజాలకు రాసుకుంట, కాళ్ళ కాడికి. గద్దె నల్లగైంది. తలె కనవడలే. ముక్కులు తలెకు తాకుతుంటే టకటక టకటక... ఆ సప్పుడు ఒక్కటే.

పూలమ్మకే అన్నప్పుడు దిగినట్టే.

సారయ్య కోటు ఎప్పుడు ఇడిసిండో, ఎట్ల ఉరికిండో ఆయనకే తెల్వదు. ఒక కాలుకు చెప్పు లేదట ఇంటికి వచ్చేసరికి. వచ్చి తడక ఏసుకొని, దుప్పటి కప్పుకొని, సమ్మమ్మ ఏమైందయ్యా అంటే ఒక్క మాట చెప్పలే. ఒళ్ళు కాలిపోతాంది.

పొద్దుగాల డ్యూటీ దిగి వదినె వాళ్ళ ఇంటికి వచ్చింది. చంకల నేను. చేతి మీద కోటు, మంచిగ మడతపెట్టి, దాని మీద ఒక చెప్పు.

'సారయ్యా,' అన్నదట, 'చలి పెడుతాంది. మీ అన్న కోటు ఉంచుకో. మొగిలమ్మకు నేను చెప్పుకుంట.'

 ఆయన తల ఎత్తలే.

నౌకరి ముచ్చట ఇగ ఆ ఇంట్ల ఎన్నడు లేవలే. అమ్మ రిటైరయిందాక నెల మొదట్ల మీ ఇంట్ల బియ్యం బస్తా దిగేది గద... 'పెద్దమ్మ ఎందుకు పంపుతదే' అని నువ్వు చిన్నప్పుడు అడిగెటోనివి. అదీ సంగతి. మీ బాపు ఆ గేటు తొవ్వ మాత్రం మల్ల తొక్కలే. గేటు పీకేసి బ్రిడ్జి కట్టినంక గూడ తొక్కలే.

ఆగు, అయిపోలే. నువ్వు అనుకుంటున్నదే నేను గూడ అనుకున్న.

దవాఖానల చిన్నాయిన ఇది చెప్పి పండుకున్నడు. నాకు నిద్ర పడితేనా. తెల్లారేదాక అదే ఆలోచన. పొద్దుగాల ఇంటికి వచ్చి, అమ్మ తలకాయ దువ్వుకుంట ఎండల కూసుంటే పక్కన కూసొని అడిగిన.

'అమ్మా, ఆ రాత్రి కోటుల ఉన్నది చిన్నాయిన అని నీకు ఎరుకేనా?'

నవ్వింది. పండ్లు లేవు గద, నోరంతా నవ్వే.

'నేను డ్యూటీకి ఎల్లకముందు మొగిలమ్మ రాత్రి బువ్వ అడగవచ్చినప్పుడే చెప్పింది బిడ్డా, మీ మరిది కోటు అడుక్కపోయిండు అని. ఎందుకో నాకు తెల్వదా. అందుకనే తలె పెట్టి కూసున్న. ఎదురుంగ నిలవెట్టి చెప్పలేని ముచ్చట... ఆయనకు చెప్పినట్టు వీనికి చెప్పుకున్న.'

'మరి ఊఁ అంటే నిజంగ ఇచ్చేదానివా?'

'ఇచ్చేదాన్నే.' ఇగ నవ్వలే. 'ముల్లు పోయేది.'

నాకు మొత్తం తెలిసిపోయింది అనుకున్న. అమ్మ తెలివి ఎసొంటిదో చూడు అనుకున్న. 'అయితే గంట నువ్వే కొట్టినవ్,' అన్న. 'చీకట్ల ఎనుకకు పోయి, నాయిన తీరు కొట్టి, నువ్వే దగ్గినవ్. చెప్పు, ఇప్పుడు చెప్తే ఏమైతది.'

అమ్మ దువ్వెన ఆపింది. నా దిక్కు చూసింది. ఎట్ల చూసిందంటే... నేను మూడేండ్ల పిల్లనైనట్టు చూసింది.

'నీకు ఆ రాత్రి జరం ఉండె బిడ్డా. మూల్గుకుంట మూల్గుకుంట అప్పుడే నిద్రపోయినవ్. కదిలితే లేస్తవని నా రెండు చేతులు నీ కిందనే పెట్టుకొని కూసున్న... తెల్లారేదాక తియ్యలే.'

నేను అడుగుదామనుకున్న, మరి...

ఆఁ... ఆఁ అమ్మా, ఇంటాన్న. డాబా మీదున్న. తమ్మీ, ఒక్క నిమిషం, అమ్మ కిందికెల్లి పిలుస్తాంది, కాకులు వచ్చి కూసున్నయట, బువ్వ తెమ్మంటాంది — ఇగో వస్తాన్న అమ్మా, తలె ఏడ పెట్టిన—